కొత్తవాడ మగ్గము – జకాత్ ధర్మము

వరంగల్లు కొత్తవాడ అనగానే జంపఖానాలు గుర్తుకు వస్తవి. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనలో స్థానము పొందినవి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. కీర్తికి కొరత లేదు. కొరత యంతయు కూలికే. 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడినది. మరమగ్గముల పోటీ చేతిమగ్గమును క్రుంగదీసినది. నూలు కొనుటకు నేతగాడు అప్పు చేయును. నేసిన సరుకును అప్పిచ్చిన వానికే అమ్మవలసి వచ్చును. ధరను ఆతడే నిర్ణయించును. పంజాతో పోగులను బిగించు చేతులు చివరకు అప్పుతో బిగిసిపోవుచున్నవి.

ఇట్టి అన్యాయమునకు మతము చూపు మార్గమేమి? ఈ ప్రశ్నను మేము మా ధర్మము నుండియే పరిశీలింపదలచినాము.

జకాత్ అనగా భిక్ష కాదు. అది ధనికుని సంపదలో పేదకు గల హక్కు. నిసాబ్ అను పరిమితికి మించిన సొమ్ము ఒక సంవత్సరము నిలువయున్నచో అందులో నలుబదవ వంతు ఈయవలెను. దివ్య ఖురాన్ తౌబా సూరాలోని 60వ ఆయత్ జకాత్‌కు 8 వినియోగములను నిర్దేశించినది. పేదలు, అక్కరగలవారు మొదలగువారితో పాటు బానిసల విముక్తి, అప్పులపాలైనవారి విముక్తి కూడ అందులో ఉన్నవి. అనగా ఆకలి తీర్చుటతో జకాత్ పని ముగియదు. సంకెల తెంచుట కూడ దాని పనియే.

ఒక లెక్క చూడుడు. 4 లక్షల రూపాయల నిలువ గలవాడు ఈయవలసినది 10,000. అట్టివారు 20 మంది కలసిన 2 లక్షలగును. దానిని రంజాన్ మాసములో వేయిమందికి పంచిన తలకు 200 వచ్చును. ఒక పూట గడచును. అదే మొత్తము నలుగురు నేతగాండ్రకు ఏబది వేల చొప్పున అప్పు తీర్చిన, వారు తమ సరుకును తమకు నచ్చినచోట అమ్ముకొనగలరు.

ఇక సమత్వము. ఇస్లాములో తొలి ముఅజ్జిన్ అయిన హజ్రత్ బిలాల్ హబషీ జాతివారు, బానిసగా బాధలు పడినవారు. నల్లని మేనిచాయ ఆయన గౌరవమునకు అడ్డు రాలేదు. కాని మన నడవడి ఏమి? దూదేకులవారు ఏకిన దూది లేనిదే మన పరుపు లేదు. మసీదులో వారి ప్రక్కనే నిలుతుము. సంబంధము మాట వచ్చినప్పుడు మాత్రము వంశము అడుగుదుము. ఈ తప్పు మనది. ఇతరులను న్యాయమడుగుటకు ముందు దీనిని దిద్దుకొనవలెను.

ధర్మమార్గమున న్యాయము కోరుట ఒక్క మతము సొత్తు కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథల ద్వారా దళితవాడలలో చైతన్యము కలిగించెను. భక్తి కథనే ఆత్మగౌరవమునకు సాధనముగా మలచెను. మన ప్రక్కనున్న కాజీపేట దర్గాకు అన్ని మతములవారు వచ్చుచున్నారు. అక్కడ కలియు చేతులు కొత్తవాడలోను కలియవలెను.

కావున కళాశాల పాలకవర్గమునకు మా మనవి మూడు. ఒకటి: చిన్న బైతుల్‌మాల్ ఏర్పరచి, ప్రతి పైసా లెక్కను అందరికి కనబడునట్లు గోడపై ప్రకటింపవలెను. రెండు: విద్యార్థులు ఇల్లిల్లు తిరిగి అప్పుల వివరము సేకరింపవలెను, ఆ పేర్లను మాత్రము రహస్యముగా నుంచవలెను. మూడు: జకాత్‌ను శాస్త్ర నియమము ననుసరించి వినియోగించుచు, స్వచ్ఛంద దానమైన సదఖాను మతభేదము లేక పద్మశాలి సోదరులకును అందింపవలెను.

పడుగు ఒక దిక్కున, పేక మరొక దిక్కున సాగును. రెండును కలసిననే వస్త్రము. విశ్వాసమును న్యాయమును అట్టివే.