కరపత్రము సంఘముయొక్క మాట

సరకు పండించుట యెఱిగిన రైతు దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినప్పుడు తడబడును. దళారి చేతిలో పడకుండ సరకును నేరుగా పట్టణపు కుటుంబములకు అమ్మదలచిన సంఘమునకు కరపత్రము ముఖ్యసాధనము. కావున దానిని కూర్చు విధము ఈ నెల పాఠముగా గ్రహింతము. పసుపును ఉదాహరణముగా తీసికొందము.

ముందుగా మా తప్పును చెప్పుకొందుము. మేము మొదట అచ్చొత్తించిన కరపత్రమున పైభాగమంతయు కార్యవర్గ సభ్యుల ఛాయాచిత్రములే. దాని క్రింద సంఘ చరిత్రము. పసుపు ధర యెంతయో, ఎవరిని అడుగవలెనో చివరి పంక్తిలో చిన్న యక్షరములతో నుండెను. అందును టెలిఫోను సంఖ్యలో ఒక అంకె తప్పు. వేయి ప్రతులు పంచితిమి. ఒక్క గిరాకియు రాలేదు. మిగిలిన కట్ట మిఠాయి అంగడిలో పొట్లములకు పనికివచ్చినది.

కారణ మేమి? కొనువాడు మనలను గూర్చి అడుగడు; సరకును గూర్చి అడుగును. అతని ప్రశ్నలు ఐదు. ఇది ఏమి సరకు? ఎక్కడిది? దీనినే యేల కొనవలెను? తూక మెంత, ధర యెంత? ఎట్లు తెప్పించుకొనవలెను? ఈ ఐదింటికిని జవాబు దొరకని కరపత్రము ఎన్ని రంగులతో నున్నను వ్యర్థమే.

ఇక కాగితము మాట. అంతటను దొరకు ఎ4 కాగితము 29.7 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు కలది. పొడవును మూడు సమభాగములుగా మడిచినచో రెండు ప్రక్కల కలిపి ఆరు ముఖము లేర్పడును. లోనికి మడిచెడి భాగమును ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గింపవలెను. లేనిచో అంచు ముడుతపడును. పై ముఖమున సరకు పేరు, ఊరి పేరు, కొమ్ముల చిత్ర మొకటి చాలును. విప్పగా కనబడు మూడు ముఖములలో మొదటిదాని యందు పండించిన విధమును, రెండవదాని యందు ఉడికించి, ఎండబెట్టి, మెఱుగుపట్టి, పొడిచేసిన విధమును, మూడవదాని యందు తూకములను, ధరలను, ఆ ధర లే తేదీవరకు చెల్లునో దానిని వ్రాయవలెను. లోనికి మడిచిన భాగపు వెలుపలి ముఖమున నిలువచేయు పద్ధతియు, ఆహార భద్రతా సంస్థ యిచ్చిన 14 అంకెల సంఖ్యయు నుండవలెను. వెనుక ముఖము చిరునామాకు.

“మా పసుపు సర్వోత్తమము” అని ప్రతివాడును వ్రాయును, ఎవరును నమ్మరు. “రంగు కలుపలేదు; కోరినవారికి కొమ్ములుగానే పంపుదుము” అను మాట నమ్మదగినది, ఏలయన దానిని పరీక్షింపవచ్చును. పసుపులో లెడ్ క్రోమేటు వంటి విషపు రంగులు కలుపు మోసము లోకమున కలదు గనుక గృహిణి వెదకునది ఈ యభయమునే.

ఆశపడి హద్దు మీరరాదు. పసుపు మధుమేహమును పోగొట్టును, పుండునెల్ల మాన్పును అని అచ్చువేయరాదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. అగ్‌మార్కు ముద్రయు అట్టిదే; అనుమతి పొందనివారు దానిని ముద్రింపరాదు. పొరుగు సంఘపు సరకును దూషించుటయు తగదు.

ముద్రాలయమువా రిచ్చు ప్రూఫును ఇద్దరు చూడవలెను. ఒకరు అంకె అంకెగా బిగ్గరగా చదువగా రెండవవారు మూలముతో సరిచూడవలెను. పిదప ఆ టెలిఫోను సంఖ్యకు ఒకమారు పిలిచి చూడవలెను. ఈ చివరి పని చేసియుండిన మా వేయి ప్రతులు పొట్లములు కాకపోవును.

సోదరులారా! నోటిమాటను మరునాడు సవరించుకొనవచ్చును. అచ్చుమాట కొనువాని యింట నిలిచియుండును. అందులో ఒక్క అబద్ధ మున్నను సిగ్గు కార్యదర్శి యొక్కనిది గాదు, పసుపు పండించిన ప్రతి సభ్యునిది. గిడ్డంగిలో నున్నదానినే కాగితముపై పెట్టుదము. కాగితముపై పెట్టినదానిని గిడ్డంగి నుండి పంపుదము.