సాంచాల మధ్య చైనా–ఆఫ్రికా లెక్కలు

సూరత్ పక్కన సచిన్ జీఐడీసీ పారిశ్రామికవాడలో, సాంచాల (మరమగ్గాల) చప్పుడులో చెవులు మొద్దుబారిన ముసలివాణ్ణి. సిరిసిల్ల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ చూస్తూ, "తాతా, చైనా ఆఫ్రికాను కొనేస్తోందట" అంటారు. వాళ్లకు నేను చెప్పేవి ఇవి.

1. సరుకు అమ్మేవాడే అప్పూ ఇస్తానంటే కాగితం రెండుసార్లు చదవాలి. కెన్యాలో మొంబాసా–నైరోబీ కొత్త రైలు 2017లో మొదలైంది. ఖర్చులో ఎక్కువ భాగం చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పే, కట్టిందీ చైనా కంపెనీయే. బీజింగ్‌లో బయల్దేరిన డబ్బు చైనా ఖాతాకే చేరింది. కెన్యాకు పట్టాలు మిగిలాయి, కిస్తీలూ మిగిలాయి.

2. అప్పిచ్చినవాడు ఒక్కడే అనుకోవద్దు. 2020లో జాంబియా కట్టలేకపోయింది విదేశీ మదుపరుల డాలరు బాండ్ల వడ్డీని. చైనా బాకీ అది కాక వేరే.

3. బట్ట సంగతి మనకు బాగా తెలుసు కాబట్టి కాస్త నిలబడి వినండి. నైజీరియాలోని కడూనాలో యునైటెడ్ నైజీరియన్ టెక్స్‌టైల్స్ అని పెద్ద మిల్లు ఉండేది. 1960ల్లో దాన్ని పెట్టింది హాంకాంగ్ చైనీయుడు చా చీ మింగ్. 2007లో మూతపడింది. చైనా చవక అచ్చుబట్ట దొంగదారిన వచ్చి ముంచిందంటారు. నిజమే, చైనీయుడు పెట్టిన మిల్లును చైనా బట్టే దెబ్బతీసింది! కానీ కరెంటు సరిగా లేక, నూనె మండించి మిల్లు నడపాల్సి రావడం కూడా నడుం విరిచింది. కరెంటు పోతే సాంచె ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పైగా ఈ సూరత్ పాలిస్టర్ ఎన్ని ఊళ్ల మగ్గాలను ఆపిందో తెలిసినవాళ్లం, చైనాను తిట్టేముందు మనమూ కాస్త తగ్గాలి.

4. పాత మేలు లెక్కలో ఉంటుంది. ప్రపంచ బ్యాంకు కాదన్న టాంజానియా–జాంబియా రైలును, 1,860 కిలోమీటర్లు, 1970–75 మధ్య వడ్డీలేని అప్పుతో చైనా కట్టింది. 1971లో ఐక్యరాజ్యసమితిలో చైనాకు చోటు దక్కినప్పుడు అనుకూలంగా పడిన 76 ఓట్లలో 26 ఆఫ్రికావే.

5. "పాపం ఆఫ్రికా" అనకండి, అందులోనూ ఈ ఊళ్లో. 1791 నుంచి 1948 దాకా సచిన్ సంస్థానాన్ని ఏలింది ఆఫ్రికా సంతతి సిద్దీ నవాబులే. బేరం ఆఫ్రికావాళ్లకు కొత్త కాదు. 2018లో సియెర్రాలియోన్ చైనా అప్పుతో తలపెట్టిన విమానాశ్రయం వద్దని రద్దు చేసుకుంది. కాంగో అయితే రాగి, కోబాల్ట్ గనుల ఒప్పందాన్ని 2024లో తిరగరాయించి, రోడ్లకు, కట్టడాలకు చైనా పెట్టాల్సిన సొమ్మును 300 కోట్ల డాలర్ల నుంచి 700 కోట్లకు పెంచుకుంది.