ఉగ్గుగిన్నె

చిన్ననాడే అబ్బిన విద్యను 'ఉగ్గుపాలతో నేర్చినది' అనడం తెలుగు నుడికారం. ఆ పాలు పట్టిన చిన్న ఉగ్గుగిన్నె నేడు చాలా ఇండ్లలో కనిపించదు. కాని అంగిలి చీలికతో పుట్టిన శిశువుకు అటువంటి గిన్నె ప్రాణాధారం కాగలదు.

ప్రపంచంలో సుమారు 700 మంది శిశువులలో ఒకరు పెదవి చీలికతోగాని, అంగిలి చీలికతోగాని, రెండింటితోగాని జన్మిస్తున్నారు. గర్భిణి గ్రహణం చూడటమే ఇందుకు కారణమని నమ్మి, పెదవి చీలికను పూర్వులు 'గ్రహణం మొర్రి' అన్నారు. నిజానికి గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. గర్భస్థ శిశువుకు సుమారు 12వ వారంలోగా అంగిలి రెండు వైపుల నుండి వచ్చి కలిసిపోవాలి. ఆ కలయిక పూర్తికాకపోతే చీలిక మిగులుతుంది. వంశపారంపర్య కారణాలు, పొగాకు, కొన్ని మూర్ఛ మందులు వంటివి ఇందుకు దోహదం చేస్తాయి. చాలా సందర్భాలలో ఏ ఒక్క కారణాన్నీ వేలెత్తి చూపలేము. కనుక తల్లిని నిందించడం అన్యాయం.

పెదవి చీలిక పైకి కనిపిస్తుంది; అంగిలి చీలిక నోటిలో దాగి ఉంటుంది. పాలు చీకడానికి నోటిలోపల గాలి చొరబడని శూన్యం ఏర్పడాలి. అంగిలి చీలి ఉంటే ముక్కు నుండి గాలి చేరి ఆ శూన్యం నిలవదు. బిడ్డ ఎంతసేపు చీకినా కడుపు నిండదు. పాలు ముక్కుగుండా పొంగి వస్తాయి. తాగిన కొద్దిపాటి పాల శక్తి చీకే శ్రమకే ఖర్చవుతుంది. ఇంటివారేమో 'తల్లికి పాలు పడలేదు' అంటారు. పాలు ఉండి కూడా బిడ్డ పస్తు ఉంటుంది.

ఈ పస్తుకు విరుగుడు కష్టమైనది కాదు. తల్లిపాలను శుభ్రమైన పాత్రలోకి పిండి, బిడ్డను తల ఎత్తుగా ఉండేట్లు కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నెతోగాని చెంచాతోగాని కొద్దికొద్దిగా పట్టాలి. మధ్యమధ్య భుజాన వేసుకొని త్రేన్పు రప్పించాలి. ఒక్కొక్క పర్యాయం అరగంటకు మించరాదు. పూర్వం ఉగ్గులో ఆముదం కలిపేవారు. ఇప్పుడు తల్లిపాలు తప్ప మరేమీ కలపరాదు. ప్రతివారం బరువు తూయించాలి. ఆరు నెలలు నిండిన పిదప ఇతర శిశువులవలెనే మెత్తని ఆహారం మొదలుపెట్టాలి.

బరువుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? పెదవి శస్త్రచికిత్సకు వైద్యులు చాలాకాలంగా 'పదుల సూత్రం' చెబుతున్నారు: 10 వారాల వయస్సు, 10 పౌండ్ల బరువు, అనగా సుమారు నాలుగున్నర కిలోలు, రక్తంలో 10 గ్రాముల హిమోగ్లోబిన్. అంగిలి శస్త్రచికిత్స సాధారణంగా 9 నుండి 18 నెలల మధ్య జరుగుతుంది. బిడ్డ కృశిస్తే చికిత్స వాయిదా పడుతుంది. చికిత్స వాయిదా పడితే మాట స్పష్టత దెబ్బతింటుంది. ఈ విధంగా పసితనపు ఆకలి బడి ఈడు వరకు వెంటాడుతుంది.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పెదవి, అంగిలి చీలికలను గుర్తించి ఉచిత చికిత్సకు పంపవలసిన లోపాలలో చేర్చింది. అయితే శస్త్రవైద్యుని కత్తి కన్నా ముందు బిడ్డను చేరవలసినది తల్లి చేతిలోని గిన్నె. పుట్టిన వెంటనే శిశువు నోరు తెరిచి అంగిలిని చూడటం, పాలు పట్టే పద్ధతిని తల్లికి నేర్పడం, ఆమెపై నింద పడకుండా కాపాడటం చదువుకున్న ప్రతి ఒక్కరి బాధ్యత.