నెట్ సెంటర్ కౌంటర్ దగ్గర తెలుసుకున్నవి

రామంతాపూర్ నుంచి తార్నాక వెళ్ళే దారిలో చాలా ఏళ్ళు నెట్ సెంటర్ నడిపాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఉస్మానియా విద్యార్థులే. ఇప్పుడు ఆ క్యాంపస్‌లో చదువుకుంటున్న మీకోసం ఈ ఐదు ముక్కలు రాస్తున్నాను.

1. తీగ గుమ్మం దాకా వచ్చినంత మాత్రాన ఇంటర్నెట్ అందినట్టు కాదు.

2008 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరమ్ మన మాదాపూర్‌లో సమావేశమైంది. ‘అందరికీ ఇంటర్నెట్’ అన్నది ఆ ఏటి ప్రధానాంశం. ఇక్కడ నా దగ్గరకు స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం వచ్చిన తండ్రులు మాత్రం మౌస్ ముట్టుకోవడానికే జంకేవారు. ఫారమంతా ఇంగ్లీషు. నేనే నింపి, ప్రింటు తీసిచ్చి, డబ్బులు పుచ్చుకునేవాణ్ణి. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి చూపిస్తే మరుసటి ఏడు వాడే నింపుకునేవాడు. గిరాకీ పోతుందని చూపించలేదు.

2. వివరాలు రాయించుకున్నవాడే వాటికి కాపలా ఉండాలి.

2011లో కేంద్రం సైబర్ కేఫ్‌లకు నిబంధనలు తెచ్చింది. గుర్తింపు కార్డు చూడాలి, వచ్చినవారి వివరాలు రాసుకోవాలి, ఆ రికార్డు కనీసం ఏడాది దాచాలి. క్యాబిన్ అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. టేపు పెట్టి కొలిచి మరీ ప్లైవుడ్ కోయించాను. రిజిస్టర్‌ను మాత్రం, దారంతో కట్టిన పెన్నుతో సహా, కౌంటర్ మీద తెరిచే వదిలేశాను. ప్రాజెక్టు రిపోర్టు ప్రింటుకు వచ్చిన ఒక హాస్టల్ అమ్మాయి తన నంబరు రాస్తుంటే వెనక నిలబడ్డ కుర్రాడు చూసి పెట్టుకున్నాడు. ఇక రాత్రుళ్ళు ఫోన్లే ఫోన్లు. ఆ అమ్మాయి సిమ్ మార్చుకుందని స్నేహితురాలు వచ్చి చెప్పింది; తను మళ్ళీ రాలేదు. పోలీసులకు చూపించడానికి పెట్టిన పుస్తకం పోకిరీకి పనికొచ్చింది. 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో మన కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ ఒకరు. పేపర్లో ఆ వార్త చదువుతుంటే నాకా రిజిస్టరే కళ్ళముందు మెదిలింది.

3. ఒకరి నోరు నొక్కితే వీధంతా గొంతు తగ్గించుకుంటుంది.

2013 మేలో పౌరహక్కుల నాయకురాలు, న్యాయవాది జయ వింధ్యాలను ఫేస్‌బుక్ పోస్టు విషయంలో ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద అరెస్టు చేశారు. ఒక ఎమ్మెల్యే మీద, అప్పటి తమిళనాడు గవర్నర్ మీద రాశారన్నది ఫిర్యాదు. ఆ వారం నా సెంటర్లో కుర్రాళ్ళు పాత పోస్టులు వెతికి మరీ తీసేశారు. ‘రాజకీయ పోస్టులు పెట్టరాదు’ అని నేనూ గోడకు కాగితం అంటించాను. నన్నెవరూ అంటించమనలేదు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. గోడమీద కాగితం మాత్రం ఇంకొన్నాళ్ళు అలాగే ఉండిపోయింది.

4. ఉచితంగా ఇస్తామన్నవాడు ఏం ఇవ్వడం లేదో చూడాలి.

కొన్ని సైట్లను డేటా ఖర్చు లేకుండా చూపించే ‘ఫ్రీ బేసిక్స్’ను ఫేస్‌బుక్ తెస్తానన్నప్పుడు పేదవాడికి ఎంతో కొంత దొరుకుతుంది కదా అనుకున్నాను. ఆ కంపెనీ ఒప్పుకున్న సైట్లు తప్ప మిగతావి ఆ ఉచితంలో రావని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ కుర్రాళ్ళు వాదించారు. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, చూసే సైటును బట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. వాళ్ళ వాదనే సరైనది.

5. ‘ఎందుకు?’ అని అడగడం నేరం కాదు.

2021 మేలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను హైదరాబాద్ పోలీసులు రోడ్డుమీద ఆపి, మాస్కు తీయమన్నారు. ఆయన తీయలేదు, అయినా ఫోటో తీసుకున్నారు. ముఖాలను గుర్తుపట్టేందుకు పోలీసులు వాడే సాంకేతికతకు చట్టబద్ధత ఏమిటని ఆయన హైకోర్టుకెక్కారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. 2021 అక్టోబరులోనే ఈ ఊళ్ళో పోలీసులు బండ్లు ఆపి, గంజాయి పేరుతో ఫోన్లలో వాట్సాప్ సందేశాలు వెతికారు. చాలామంది కిక్కురుమనకుండా ఫోన్లు ఇచ్చేశారు. రేపు తార్నాక చౌరస్తాలో మిమ్మల్ని ఆపి ఫోన్ తెరవమంటే, ఏ చట్టం కింద అడుగుతున్నారో మర్యాదగా అడగండి.