కాన్వెంటు చదువు – కన్నవారి లెక్క

కోనసీమలోని ఆత్రేయపురం పేరు వినగానే పూతరేకులు మనసులో మెదులుతాయి. బోర్లించిన కుండ కింద మంట రగులుతుండగా, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండపై ఒక్కసారి లాగితే రేకు ఏర్పడుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయి వెనుక ఎందరో స్త్రీల శ్రమ ఉంది. సెగ ముందు కూర్చుంటేనే వారికి కూలి. ఆ కూలి కొద్దికొద్దిగా చేతికందుతుంది. బడి ఫీజు మాత్రం టర్ముకొకసారి పెద్ద మొత్తంగా కట్టవలసి ఉంటుంది.

'కాన్వెంటు' అంటే నిజానికి క్రైస్తవ సన్యాసినుల నివాసం. వారి బడులకు వచ్చిన మంచిపేరు వల్ల తెలుగునాట ప్రతి ఇంగ్లీషు మీడియం బడికీ ఆ మాట అంటుకున్నది. గుమ్మంపై సరస్వతీదేవి బొమ్మ ఉన్న బడి కూడా కాన్వెంటే!

కతోలిక విద్య తెలుగునేలకు కొత్త కాదు. విశాఖపట్నంలోని సెయింట్ అలోషియస్ పాఠశాల 1847 నాటిది. ఇటువంటి సంస్థలలో చాలాకాలం ఫీజులు తక్కువగా ఉండటానికి రెండు ఆధారాలు తోడ్పడ్డాయి. పేదరిక వ్రతం స్వీకరించిన ఫాదర్లు, సిస్టర్లు సొంతానికి జీతం ఉంచుకోరు. ఎయిడెడ్ బడులలో మంజూరైన ఉపాధ్యాయులకు ప్రభుత్వమే జీతమిస్తుంది. ఈ ఆధారాలు సన్నగిల్లిన చోట ఖర్చంతా తల్లిదండ్రులపై పడుతుంది. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వం తనలో కలుపుకొనే విధానం తెచ్చినప్పుడు, ఫీజులు పెరుగుతాయన్న భయంతో పలుచోట్ల తల్లిదండ్రులు వీధికెక్కారు.

చట్టం కొంత ఆదుకోవలసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులలో నాలుగోవంతు సీట్లను పేదపిల్లలకు ఉచితంగా కేటాయించింది. కాని మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక వర్గం హక్కును కాపాడిన ఆ తీర్పే, ఆ వర్గంలోని పేదలతో సహా కూలివారి పిల్లలకు ఒక తలుపు మూసిందనుట తప్పు కాదు. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనం పరిశీలనకై నివేదించింది.

సాయం మరొక దారిన వచ్చింది. 2020లో ప్రారంభమైన అమ్మఒడి పథకం ప్రైవేటు బడుల పిల్లల తల్లులకు కూడా ఏటా 15,000 రూపాయలు ప్రకటించింది. ఎందరు పిల్లలున్నా తల్లికి ఒక్కసారే! ఇద్దరు బిడ్డలున్న ఇంట ఆ సొమ్ము ఎవరి చదువుకు? మగపిల్లవాడు కాన్వెంటుకు, ఆడపిల్ల సర్కారు బడికి వెళ్లే ఇళ్లు మన పల్లెలలో అరుదు కావు. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం ప్రతి బిడ్డకూ 15,000 లెక్కగట్టింది. అందులో 2,000 బడుల నిర్వహణకు పోగా, 13,000 తల్లి ఖాతాకు చేరుతుంది. ఫీజుతో పాటు పుస్తకాలు, దుస్తులు, బస్సు ఖర్చు కూడా ఇందులోనే సర్దుకోవాలి. చాలనిది కూలి డబ్బుల నుంచి రావాలి. అది రాకపోతే ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి. బడులు తెరిచే నాటికి ఆ ఎంపిక ఇంటిలో జరిగిపోయి ఉంటుంది.