చూరులో దోపిన పళ్ళెం

(చదవవలసిన భాగం: కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 11:17-34)



యేసుప్రభువు పామరులకు అర్థంకాని మాటలతో బోధించలేదు. నజరేతులో ఏ ఇంట్లోనైనా కనబడే వస్తువులనే చూపి చెప్పాడు. ముద్దనంతటినీ పొంగించే పులిసిన పిండి, పాతగుడ్డకు వేసిన మాసిక, దీపం పెట్టే కంబం, పోయిన కాసు కోసం ఇల్లంతా ఊడ్చి వెదికే ఇల్లాలు - ఇవే ఆయన పాఠ్యపుస్తకాలు.

మన పల్నాటి ఊళ్ళలోనూ అలాంటి పాఠాలకు కొదవ లేదు. గొర్రు వెంట నడుస్తూ జడ్డిగంలో గింజలు పోసే ఆడవారి చేతులను చూస్తే విత్తువాని ఉపమానం గుర్తుకు వస్తుంది. కల్లంలో చేట పట్టుకొని గాలి కోసం నిలబడిన రైతును చూస్తే స్నాపక యోహాను మాట అర్థమవుతుంది. ఇలాంటివి చెబితే వినేవారికి హాయిగా ఉంటుంది, చెప్పే గురువుకూ హాయిగానే ఉంటుంది. అయితే చిన్ననాటి జ్ఞాపకాలన్నీ హాయిగొలిపేవి కావు. ఈ వారం నేను చూపబోయే వస్తువు ఒక పళ్ళెం. దాన్ని గురించి వ్రాయాలని చాలాసార్లు అనుకొని మానుకున్నాను.

మాది మాచర్లకూ గురజాలకూ నడుమ ఒక ఊరు. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలినా మా ఎత్తు పొలాలకు అది ఎక్కలేదు. జొన్న, కంది, పత్తి - ఇవే మా పంటలు. శ్రీనాథుడు వెక్కిరించాడని లోకం చెప్పుకునే ఆ జొన్నకూడే మా ఇంటి అన్నం. మట్టిగోడల ఇల్లు, నాపరాళ్ళు పరచిన నేల, ముందు పూరికప్పు వసారా. ఆ వసారా చూరులో ఒక సత్తుపళ్ళెం దోపి ఉండేది. అంచున రెండు సొట్టలు. అది మా పాలేరుది.

ఆయన పేరు వ్రాయను. ఆయన బిడ్డలు, మనుమలు ఇప్పటికీ ఆ విచారణలోనే ఉన్నారు. ఒక్కమాట మాత్రం చెబుతాను. మా తాతకూ ఆయనకూ జ్ఞానస్నానపు పేరు ఒక్కటే. ఇద్దరినీ కాపాడే పునీతుడు ఒక్కడే. పండుగనాడు ఇద్దరూ ఆ పునీతుని స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించేవారు.

మధ్యాహ్నం పొలం నుండి రాగానే ఆయన చూరులో నుండి పళ్ళెం తీసుకొని, కడుక్కొని, వసారా కింద నేలమీద కూర్చునేవాడు. మా నాయనమ్మ సంకటిముద్దను పైనుండి జారవిడిచేది, గోంగూర పచ్చడి కూడా అలాగే. మంచినీళ్ళకు దోసిలి పట్టేవాడు. తిన్న తరువాత పళ్ళెం తోమి మళ్ళీ చూరులో దోపేవాడు. ఎవరూ ఎవరినీ కసురుకునేవారు కాదు. అంతా ఎంతో సాఫీగా, అలవాటుగా జరిగిపోయేది. అందుకే కాబోలు నాకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా అది కంటికి కనబడలేదు.

ఆ ఏడాదే నాకు మొదటి దివ్యసత్ప్రసాదం ఇచ్చారు. మా గుడిలో ఎక్కడ ఎవరు కూర్చోవాలో ఏ పుస్తకంలోనూ వ్రాయలేదు గాని అందరికీ తెలుసు. ముందు మావాళ్ళు, వెనుక పల్లెవాళ్ళు. సత్ప్రసాదానికీ అదే వరుస. ఒక ఆదివారం తెల్లవారుజామున మా దూడ తాడు తెంపుకొని పాలన్నీ తాగేసింది. దాన్ని పట్టి కట్టే గొడవలో నేను గుడికి ఆలస్యమయ్యాను. లోపలికి వెళ్ళేసరికి సువిశేష పఠనం అయిపోయింది. గుమ్మం దగ్గర వెనుకే కూర్చున్నాను. సత్ప్రసాదానికి లేచినప్పుడు చూస్తే నా ముందు మా పాలేరు ఉన్నాడు.

ఆ రోజుల్లో సత్ప్రసాదాన్ని నాలుక మీదనే పెట్టేవారు. స్వామివారు ఆయన నాలుక మీద పెట్టారు. మరుక్షణం అదే వేళ్ళతో నా నాలుక మీద పెట్టారు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక నాయనమ్మను అడిగాను. “స్వామివారు ఆయన నాలుకకు తగిలిన చేత్తోనే నాకూ పెట్టారు గదా నాయనమ్మా, మరి ఆయన పళ్ళెం ఎందుకు లోపలికి రాకూడదు?” మా అమ్మ చేస్తున్న పని ఆపి చూసింది. నాయనమ్మకు కోపం రాలేదు. “గుడి సంగతి గుళ్ళో, ఇంటి సంగతి ఇంట్లో నాయనా, తిను” అన్నది.

మా నాయనమ్మ చెడ్డమనిషి కాదు. రోజూ జపమాల చెప్పనిదే పడుకునేది కాదు. పాలేరుకు జ్వరం వస్తే మిరియాల కషాయం కాచేది. ఆయన కూతురి పెండ్లికి చీర పెట్టింది. అయితే ఆ కషాయాన్ని కూడా పైనుండే పోసింది. ఆమెను తక్కువ చేయడానికి నేనిది వ్రాయడం లేదు. ఆమె అన్న ఆ ఒక్క వాక్యం మన వేదబోధకంతటికీ ఎదురుగా నిలబడ్డ వాక్యమని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కొరింతు నగరంలో జరిగింది కూడా ఇదే. ఆ నగరాన్ని క్రీస్తుపూర్వం 146లో రోమనులు నేలమట్టం చేశారు. 44లో జూలియస్ సీజరు దాన్ని మళ్ళీ కట్టించి, బానిసత్వం నుండి విడుదల పొందినవారిని పెద్దసంఖ్యలో అక్కడ స్థిరపరిచాడు. రెండు ఓడరేవుల నడుమ ఉన్న వ్యాపార నగరం అది. అక్కడి సంఘంలో ఇల్లూ వాకిలీ ఉన్నవారు కొందరు, కూలీలు, బానిసలు ఎందరో. అప్పటికి గుడులు లేవు. కాస్త పెద్ద ఇల్లున్న విశ్వాసి ఇంట్లోనే అందరూ కూడేవారు. ప్రభుభోజనం అంటే కడుపునిండా తినే భోజనంతో కలిసి జరిగేది. కలిగినవారు తమ తిండి తెచ్చుకొని ముందుగా తినేసేవారు. పనిపాటలు ముగించుకొని వచ్చే పేదకు ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో ఉంటాడు, మరొకడు తాగి మత్తుగా ఉంటాడు అని పౌలుగారు ముఖం మీదనే వ్రాశారు. మీకు తినడానికి ఇళ్ళు లేవా, పేదలను సిగ్గుపరుస్తారా అని అడిగారు. అది ప్రభుభోజనమే కాదన్నారు.

ఆ తరువాతనే ఆ భయంకరమైన హెచ్చరిక వస్తుంది. ప్రభు శరీరమని గుర్తించకుండా తినేవాడు తన మీదికి తానే తీర్పు తెచ్చుకుంటాడని (11:29). ఈ వాక్యాన్ని మనం పాపసంకీర్తనానికి పిల్లలను సిద్ధపరచేటప్పుడు వాడతాం. మంచిదే. అయితే అక్కడ పౌలుగారు మాట్లాడుతున్నది ఒక పంక్తిని గురించి, ఒకరు తినగా మరొకరు చూస్తూ నిలబడటాన్ని గురించి. వెంటనే వచ్చే 12వ అధ్యాయమంతా సంఘమే క్రీస్తు శరీరమని, అందులో ఏ అవయవమూ మరో అవయవాన్ని నీవు నాకు అక్కరలేదని అనరాదని చెబుతుంది. ఈ రెండు అధ్యాయాలను విడదీసి చదివితే మా నాయనమ్మ మాటే నిజమవుతుంది.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు సారం, బాహ్యగుణాలు అనే పాఠం ఉండేది. రొట్టెకు తెల్లదనం, గుండ్రదనం, రుచి బాహ్యగుణాలు. బలిపీఠం మీద అవన్నీ అలాగే ఉంటాయి, సారం మాత్రం క్రీస్తు శరీరంగా మారుతుందని మన విశ్వాసం. కంటికి కనబడేదాన్ని దాటి, కనబడని సారాన్ని నమ్మి మోకరిల్లే మనం, మనిషి దగ్గరికి వచ్చేసరికి ఏ పేటలో పుట్టాడన్నదే వాడి సారమంటాం. పరీక్షలో ఈ మాట వ్రాస్తే ఎన్ని మార్కులు వచ్చేవో తెలియదు గాని, ఆ పాఠం విన్నంతసేపూ నాకు సత్తుపళ్ళెమే గుర్తుకు వచ్చేది. అంతటి అరిస్టాటిలే కొందరు పుట్టుకతోనే బానిసలని వ్రాశాడు. గొప్ప బుద్ధి ఉన్నంత మాత్రాన చూరులోని పళ్ళెం కనబడదు.

మా తాత రాత్రిళ్ళు వాకిట్లో మంచం మీద కూర్చొని పల్నాటి వీరుల కథ చెప్పేవాడు. 12వ శతాబ్దపు మాచర్ల, బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం - మన ప్రాంతంలో ఈ కథ తెలియని ఇల్లు ఉంటుందా! చాపకూడు దగ్గరికి వచ్చేసరికి తాత గొంతు లేచేది. చాపలు పరచి, వండిన కూడు వాటి మీద పెట్టి, అన్ని కులాలవారినీ ఒక్కచోట కూర్చోబెట్టి తినిపించాడట బ్రహ్మనాయుడు. మాల కన్నమదాసును కన్నకొడుకులా చూసుకొని సేనకు నాయకుణ్ణి చేశాడట. ఇప్పటికీ కార్తీకమాసంలో కారంపూడి వీరుల ఉత్సవాలలో మందపోరు నాడు చాపకూడు జరుపుతారు. ఆ సంప్రదాయం మనది కాదు, అది చెన్నకేశవుని భక్తులది. అయినా ఇతర మతాలలోని సత్యమైనదానిని, పవిత్రమైనదానిని దేనినీ శ్రీసభ తోసిపుచ్చదని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. తాత చాపకూడు కథ చెబుతుంటే పాలేరు అరుగు కింద కూర్చొని ఊ కొట్టేవాడు. ఆయన నెత్తిమీద, చూరులో, పళ్ళెం ఉండేది. కథ చెప్పేవాడికీ అది కనబడలేదు, వినేవాడూ అడగలేదు.

ఇక మన శ్రీసభ సంగతి. తాతల కాలంలో పౌలును చిన్నప్ప అని, పేతురును రాయప్ప అని పిలిచేవారు. అంతియోకులో రాయప్పగారు అన్యజాతి విశ్వాసులతో కలిసి తింటూ, యాకోబు దగ్గర నుండి కొందరు రాగానే జంకి లేచి పక్కకు పోయారు. చిన్నప్పగారు అందరి ఎదుటనే నిలదీశారు (గలతీ 2:11-14). మొదటి పోపుగారినే భోజనపంక్తి దగ్గర తప్పుపట్టిన సంగతి మన గ్రంథంలో దాచకుండా వ్రాసి ఉంది. 2003 నవంబరులో తమిళనాడు మేత్రాణులతో మాట్లాడుతూ రెండవ జాన్ పాల్ పోపుగారు క్రైస్తవుల నడుమ కులభేదం తగదని గట్టిగా చెప్పారు. 2016 డిసెంబరులో భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారతపై విధాన పత్రం వెలువరిస్తూ, వివక్ష సంఘం లోపలే ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న పూల అంతోనిగారు కార్డినలు అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినలు, దళితులలో కూడా మొదటివారు. మన గుడులలో గంటలు మ్రోగించాం, మిఠాయిలు పంచాం. అదే ఏడాది మన ఊళ్ళలో ఎన్ని పండుగ భోజనాలు రెండు పంక్తులుగా సాగాయో, ఎన్ని సమాధుల తోటలలో నడుమ గోడ అలాగే నిలిచి ఉందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు చూరులు లేవు, డాబాలు వచ్చాయి. సత్తుపళ్ళేలు పోయి కాగితపు పళ్ళేలు వచ్చాయి. పనివారికి కాగితపు పళ్ళెం, మనకు స్టీలు కంచం. తోమే పని తప్పిందని సంతోషిస్తాం. ఈ వారం కుటుంబ ప్రార్థనలో పైన చెప్పిన భాగాన్ని పెద్దగా చదవండి. చదివాక, మన ఇంట్లో అలాంటి పళ్ళెం, అలాంటి గ్లాసు ఏదైనా ఉన్నదా అని పిల్లలను అడగండి. పెద్దలను అడిగితే లేదంటారు.

నన్ను అడిగినా లేదనే చెప్పేవాణ్ణి. గురువునైన కొత్తలో, ఒక విచారణలో, పల్లెలో పూజ చేశాను. పూజ అయ్యాక ఒక ముసలమ్మ తన ఇంట్లో నాకు వంట చేశానని పిలిచింది. కోడికూర వాసన వస్తూనే ఉంది. నాకు కడుపులో బాగాలేదని చెప్పి మోటారుసైకిలు ఎక్కాను. కడుపు బాగానే ఉంది. ఊరిలోకి వెళ్ళి, మా బంధువులవంటి వారి ఇంట్లో భోంచేశాను. ఎందుకలా చేశానో ఆ పూట నాకు స్పష్టంగా తెలియదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. అదే చేయి గంటక్రితం ఆమె నాలుక మీద సత్ప్రసాదం పెట్టింది.

పల్లెలో ఏదీ దాగదు. మరుసటి నెల పూజకు వెళ్ళినప్పుడు ఆమెతో క్షమాపణ చెప్పబోయాను. నా మాట పూర్తికానివ్వలేదు. “ఏం పర్వాలేదు స్వామీ, తమకు అలవాటు ఉండదు గదా” అన్నది. నా సిగ్గును ఆమె తన కొంగుతో కప్పింది. ఆ రోజు నేనే అడిగి ఆమె ఇంట్లో కూర్చున్నాను. ఆమె మనుమడు చాప పరిచాడు. లోపల నుండి స్టీలు పళ్ళెం తెచ్చి, నీళ్ళతో రెండుసార్లు కడిగి, నా ముందు పెట్టింది. నీవూ కూర్చోమ్మా అంటే కూర్చోలేదు. కూర కలుపుతుండగా పళ్ళెం అంచున వేలికి ఏదో అంటుకున్నది. చూస్తే అంగడివాడు అంటించిన ధర చీటీ. రెండుసార్లు కడిగినా సగం ఇంకా అలాగే ఉంది.