ఎదుటివాడి తప్పు మీద కోపమెందుకు?

ఏటా లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ప్రధాన పోటీ ఆడాలంటే 10,000 డాలర్లు కట్టాలి. 1972 నుంచి ఆ రుసుము మారలేదు. 2024లో అలా కట్టి కూర్చున్నవాళ్లు 10,112 మంది. వీళ్లలో పోకర్ మీదే బతికేవాళ్లు కొద్దిమందే. మిగిలినవాళ్లు వేరే పనుల్లో ఉండి, సెలవు పెట్టుకుని, జీవితంలో ఒక్కసారైనా ఆ బల్ల ముందు కూర్చోవాలనే కోరికతో వచ్చినవాళ్లు. ఇలాంటివాళ్ల మధ్య అనుభవజ్ఞుడికి గెలుపు సులువే అనిపిస్తుంది. అయినా ఎంతోమంది అనుభవజ్ఞులు మొదటి రోజో రెండో రోజో లేచి వెళ్లిపోతారు. వెళుతూ చాలామంది చెప్పే మాట ఒక్కటే: ‘ఆ ముక్కలు పట్టుకుని ఎవడైనా పందెం కాస్తాడా?’ ఈ మాటను ఓడినవాడి ఉక్రోషంగా కొట్టిపారేయకుండా కాస్త ఆగి పరిశీలించాలి. తనకంటే తక్కువ తెలిసినవాళ్ల మధ్య తెలిసినవాడు ఎందుకు తడబడతాడన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. అతనికి తెలివి తక్కువ కాలేదు. ఎదుటివాణ్ని చులకన చేశాడు. చులకన మొదలైన క్షణం నుంచి మనిషి ఎదుటివాణ్ని చూడటం మానేస్తాడు.

ముందు లెక్క చూద్దాం. ఈ పోటీలో ఆడే టెక్సస్ హోల్డెమ్ పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు విడతలుగా తెరుస్తారు. విడత విడతకూ పందెం ఉంటుంది. చివరికి ఏడింటిలో మేలైన ఐదు ముక్కల జట్టు ఎవరిదైతే వాళ్లది గెలుపు. మూసి ఉన్న రెండూ ఆసులే కావడం సగటున 221 పంపకాలకు ఒకసారి జరుగుతుంది. ఆట మొదట్లో అంతకు మించిన ముక్కలు లేవు. ఏవో రెండు ముక్కలున్న ఒక్క మనిషి ఎదురైతే ఆసులు నూటికి 85 సార్లు గెలుస్తాయి. అదే ఐదుగురు ఎదురై, ఎవరూ తప్పుకోకుండా చివరిదాకా ఉంటే గెలిచేది 49 సార్లే. కొత్తవాళ్ల బల్ల మీద జరిగేది సరిగ్గా ఇదే. వాళ్లు ఆడటానికి వచ్చారు, ముక్కలు పడేయడానికి కాదు. మీరు పందెం పెంచినా నలుగురైదుగురు వెంట వస్తారు. ఐదుగురూ వస్తే ఆసులు సగానికి పైగా ఓడిపోతాయి. ఇక్కడే కోపం తలకెక్కుతుంది. కానీ ఆ కోపానికి లెక్కలో ఆధారం లేదు. ఆరుగురూ సమానంగా ఒక్కో రూపాయి వేశారనుకోండి. మధ్యలో ఆరు రూపాయలున్నాయి, అందులో మీది ఒక్కటే, గెలిచే అవకాశం దాదాపు సగం. సగటున మీ రూపాయికి మూడు రూపాయలు తిరిగి వస్తున్నాయి. ఒక్కడే ఎదురైతే, 85 శాతం గెలిచినా, వచ్చేది రూపాయి డెబ్బై పైసలే. అంటే ఎక్కువసార్లు ఓడిపోయే పరిస్థితిలోనే లాభం ఎక్కువ. టోర్నమెంటులో చిప్స్ (పందెం బిళ్లలు) అయిపోతే ఇంటికి వెళ్లాల్సిందే కాబట్టి ఈ లెక్కను యథాతథంగా వాడకూడదన్నది నిజమే. పందెం ఇంకా పెద్దగా పెంచి వెంట వచ్చేవాళ్లను తగ్గించుకోవడం తెలివైన పని. కానీ ఎవరి తప్పుల వల్ల తన లాభం పెరుగుతుందో వాళ్ల మీదే మండిపడేవాడు లెక్క మర్చిపోయాడన్నది మాత్రం ఖాయం.

ఇంకో సంగతి. నూటికి 80 గెలిచే స్థితిలోనే ఉన్నదంతా ఒడ్డే ఆటగాడు మూడుసార్లు వరసగా నిలబడే అవకాశం 51 శాతం. ఐదుసార్లు నిలబడే అవకాశం 33 శాతం. ప్రతిసారీ సరైన నిర్ణయమే తీసుకున్నా, ఐదో పందెం దాటేలోపు ముగ్గురిలో ఇద్దరు ఇంటికి పోతారు. ఇది అన్యాయం కాదు, అంకగణితం. దీన్ని తనకు జరిగిన అవమానంగా తీసుకున్నవాడు తర్వాతి పంపకంలో పగతో ఆడతాడు. పోకర్‌లో ఈ స్థితిని ‘టిల్ట్’ అంటారు. నిర్ణయాన్నీ ఫలితాన్నీ విడదీసి చూడగల శక్తి గురించి వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఎంతో చెబుతాయి. ఆ శక్తికి పరీక్ష ఓడినప్పుడు మాత్రమే కాదు, తనకంటే తక్కువవాడనుకున్నవాడి చేతిలో ఓడినప్పుడు.

చులకన చేసే రెండో నష్టం మరింత సూక్ష్మమైనది. 1944లో వాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టర్న్ రాసిన గేమ్ థియరీ గ్రంథంలో పోకర్‌కు ప్రత్యేకంగా చోటిచ్చారు. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం పెంచే బ్లఫ్‌కు అక్కడ రెండు ప్రయోజనాలు కనిపిస్తాయి. ఒకటి, ఎదుటివాడు భయపడి తప్పుకుంటే మధ్యలో ఉన్నది మనదవుతుంది. రెండోది, మనం అప్పుడప్పుడూ బ్లఫ్ చేస్తామని తెలిస్తే, నిజంగా బలమైన ముక్కలు ఉన్నప్పుడు కూడా అనుమానంతో ఎదుటివాడు డబ్బు వేస్తాడు. ఇప్పుడు కొత్త ఆటగాణ్ని ఇందులో నిలబెట్టి చూడండి. అతను సులువుగా తప్పుకోడు, కాబట్టి మొదటి ప్రయోజనం లేదు. మన బలమైన ముక్కలకు ఎలాగూ డబ్బు వేస్తున్నాడు, కాబట్టి రెండోదీ అక్కర్లేదు. అయినా అనుభవజ్ఞుడు బ్లఫ్ చేస్తాడు. మూడు విడతల్లో ఒక కథ అల్లుతాడు: మొదట కొంచెం పెంచి, తర్వాత వెనక్కి తగ్గినట్టు నటించి, చివర భారీగా ఒడ్డి. ఆ కథ చదవాల్సినవాడు తన చేతిలో ఉన్న తొమ్మిదుల జత చూసుకుని ‘సరే, చూద్దాం’ అని డబ్బు వేస్తాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెతలో తప్పు వినేవాడిదిగా చెప్పడం అలవాటైపోయింది. ఊదేవాడు ముందుగా ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకోలేదన్నది నా అభియోగం. ఎదుటివాడు తనలాగే ఆలోచిస్తున్నాడనుకుని ఆడటం, అలా ఆలోచించనందుకు అతణ్ని తిట్టుకోవడం, రెండూ ఒకే లోపం నుంచి పుడతాయి. రెండింటిలోనూ మనం చూస్తున్నది మన ప్రతిబింబాన్నే.

ఇలాంటి బల్ల మీద పనికొచ్చే ఆట చూడ్డానికి చప్పగా ఉంటుంది. మంచి ముక్కలు వచ్చేదాకా ఓపిక పట్టడం, వచ్చినప్పుడు దాచుకోకుండా గట్టిగా పందెం కాయడం, బలం లేనప్పుడు పెద్దరికం కోసం వేలాడకుండా ముక్కలు పడేయడం, ఇంతే. డాన్ హారింగ్టన్ 1995లో ఈ పోటీ గెలిచారు. ఆయన ఓపికైన, నిబ్బరమైన ఆటకు పేరు. 2003లో 839 మంది, 2004లో 2,576 మంది ఆడిన పోటీల్లో, అంటే కొత్తవాళ్లు వెల్లువలా వచ్చిపడిన ఆ రెండేళ్లలో, ఆయన వరసగా చివరి బల్లకు చేరి మూడో స్థానం, నాలుగో స్థానం సంపాదించారు. అందులో అదృష్టం లేదని అనను, చాలానే ఉంది. కానీ గుంపు మారినప్పుడు గుంపును తిట్టకుండా తన పని తాను చేసుకున్న మనిషి ఎంతదూరం వెళ్లగలడో ఆ రెండు పోటీలు చూపించాయి. తెలివైనవాడికి చప్పటి ఆట ఆడటం ఎందుకంత కష్టం? చప్పటి ఆటకు చప్పట్లు ఉండవు. తన నేర్పు తనకైనా కనిపించాలన్న ఆరాటం లోపల తొలుస్తూ ఉంటుంది. సాదా పని సాదాగా చేసి ఊరుకోగలగడం నిజమైన ఆత్మవిశ్వాసానికి గుర్తని నేను నమ్ముతాను.

బల్ల చుట్టూ కూర్చుని ఆడేటప్పుడు గంటకు పాతిక ముప్పై పంపకాలకు మించి జరగవు. మంచి ఆటగాడు వాటిలో ఎక్కువ భాగం మొదట్లోనే వదులుకుంటాడు. అంటే రోజులో అధిక సమయం అతను ఆడడు, కూర్చుని ఉంటాడు. ఆ ఖాళీ సమయమే అసలు పెట్టుబడి. చులకన ఉన్నవాడు ఫోను తీస్తాడు. లేనివాడు చూస్తాడు: ఎవరు ప్రతి పంపకంలోనూ దిగుతున్నారు, షో చేసినప్పుడు ఎలాంటి ముక్కలు బయటపడ్డాయి, ఎవరు బలం ఉంటే తప్ప పందెం పెంచరు. మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ చేసిన మరియా కొన్నికోవా, పోకర్ గురించి దాదాపు ఏమీ తెలియని దశలో ప్రొఫెషనల్ ఆటగాడు ఎరిక్ సైడెల్ దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టి, 2018లో ఒక పెద్ద పోటీ గెలిచి, 2020లో ఆ ప్రయాణాన్ని పుస్తకంగా రాశారు. అందులో ముక్కల కిటుకుల కన్నా ధ్యాస గురించే ఎక్కువ. పైగా చూసింది ఒకసారి చూసి రాసిపెట్టుకునేది కాదు. ఈ పోటీలో సుమారు 15 శాతం మందికే బహుమతి డబ్బు అందుతుంది. 2024లో అందులో అతి తక్కువ మొత్తం 15,000 డాలర్లు. ఆ గీత దగ్గరపడేసరికి, మొదటి రోజు దేనికీ వెనక్కి తగ్గని మనిషే మంచి ముక్కలు కూడా పడేస్తాడు. ఇన్నాళ్లు నిలబడి ఉత్త చేతులతో వెళ్లాలని ఎవరికుంటుంది? అప్పటిదాకా అక్కరకు రాని బ్లఫ్ అప్పుడు అక్కరకు వస్తుంది. మనిషి మారలేదు, అతని భయం మారింది. అది గమనించాలంటే అతన్ని గౌరవించాలి.

ఇదంతా అదృష్టానికి తొడిగిన తత్వమని ఎవరైనా అనవచ్చు. స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2010 వరల్డ్ సిరీస్ వివరాలు తీసి లెక్కగట్టారు. అంతకుముందే నేర్పరులుగా గుర్తింపు ఉన్నవాళ్లకు పెట్టుబడి మీద సగటున 30 శాతానికి పైగా లాభం వచ్చింది. మిగిలినవాళ్లకు 15 శాతానికి పైగా నష్టం. ఉత్త అదృష్టమే అయితే ఇంత తేడా రాదు. మన నలోపాఖ్యానంలో ఈ విషయం ఎప్పుడో ఉంది. పుష్కరుడి చేతిలో రాజ్యం పోగొట్టుకున్న నలుడే ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకుని అదే పుష్కరుణ్ని గెలిచాడు. నేర్పుకు విలువ ఉంది, కానీ ఆ విలువ ఒక్క పూటలో కనిపించదు.

అంతకంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. పేకాట వల్ల కూలిపోయిన కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో. ఆన్‌లైన్ రమ్మీ అప్పులతో ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టాల వెనుక ఉన్న బాధ నిజమైనది. ఈ వ్యాసం ఎవరినీ పందేనికి పిలవడం లేదు. పైన చెప్పిన పరిశోధనే అందుకు సాక్ష్యం: గుర్తింపు పొందిన నేర్పరులు కానివాళ్లు సగటున నష్టపోయారు. మరి దీని గురించి ఎందుకు మాట్లాడాలి? చులకనకు ఇంత స్పష్టంగా ధర కట్టి చూపించే చోటు మరొకటి దొరకదు కాబట్టి. ఆఫీసులో కింది ఉద్యోగిని చులకన చేసిన మేనేజరుకు దాని నష్టం ఏళ్ల తర్వాత, వేరే రూపంలో, వేరే పేరుతో ఎదురవుతుంది. తను పోగొట్టుకున్నది ఏమిటో ఎప్పటికీ తెలియకపోవచ్చు కూడా. బల్ల మీద అది అరగంటలో చిప్స్ రూపంలో ఎదురుగా కనిపిస్తుంది.

తక్కువ తెలిసినవాడి డబ్బు గెలుచుకోవడంలో గౌరవం ఏముందని కూడా అడగవచ్చు. నష్టపోతే నష్టపోయేది ఎంతో ముందే తెలిసి, భరించగలిగి, ఆ అనుభవం కోసమే వచ్చిన పెద్దమనిషితో నిజాయితీగా ఆడటంలో అగౌరవం లేదు. అగౌరవం అతను గెలిచినప్పుడు మొహం చిట్లించడంలో, ‘ఇలా ఆడకూడదు’ అని అందరి ముందూ పాఠం చెప్పడంలో ఉంది. ఇంటి అద్దె తెచ్చి ఆడుతున్నవాడి సంగతి వేరు. అక్కడ నా వాదన చెల్లదు, చెల్లాలనీ నేను కోరుకోను. అలాగే జీవితంలో ఎక్కువ భాగం, ఒకరు ఓడితేనే మరొకరు గెలిచే ఆట కాదు. తరగతి గదిలో, ఇంట్లో, ఉద్యోగంలో ఎదుటివాడి తప్పు మనకు లాభం కాదు, దాన్ని సరిదిద్దడం మన బాధ్యత. కానీ సరిదిద్దాలన్నా ముందు అతను ఆ తప్పు ఎందుకు చేశాడో చూడాలి. అర్థం కాని విద్యార్థికి అదే వాక్యాన్ని గొంతు పెంచి మళ్లీ చెప్పే ఉపాధ్యాయుడు, తప్పుకోని మనిషి మీద మరో బ్లఫ్ విసిరే ఆటగాడి కంటే భిన్నంగా ఏమీ చేయడం లేదు.

నా వాదనకు అసలైన ముప్పు మరోచోట ఉంది. ‘కొత్తవాళ్లు తప్పుకోరు’, ‘కొత్తవాళ్లు చివర భారీగా ఒడ్డితే నిజంగా ముక్క ఉన్నట్టే’ అని పోకర్ బల్లల దగ్గర తరచూ చెబుతారు. సగటున అవి నిజం, ఈ వ్యాసం కూడా వాటి మీద చాలా బరువు మోపింది. కానీ సగటు మనిషిని చూస్తే ఎదురుగా ఉన్న మనిషిని చూసినట్టు కాదు. 2003 పోటీ చివర మిగిలినవాళ్లు ఇద్దరు: టెనెసీకి చెందిన అకౌంటెంటు క్రిస్ మనీమేకర్, పేరున్న ప్రొఫెషనల్ సామ్ ఫర్హా. ఒక పంపకంలో ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది, బల్ల మీద అంతకంటే పెద్ద ముక్క లేదు. మనీమేకర్ దగ్గర ఒక రాజు, ఒక ఏడు. అతను ఎదురుచూసిన ఇస్పేటూ రాలేదు, వరస ముక్కా రాలేదు. చేతిలో ఒక్క జత కూడా లేదు. చివరి ముక్క పడ్డాక ఉన్నదంతా ముందుకు తోశాడు. అతనికి కావలసిన ముక్క తప్పిపోయి ఉంటుందని ఫర్హా పైకే అన్నారు. ఆ అనుమానం నూటికి నూరుపాళ్లు సరైనది. అయినా కాసేపు ఆలోచించి తన తొమ్మిదుల జతను పడేశారు. ఆ పోటీ మనీమేకర్ గెలిచారు, 25 లక్షల డాలర్లతో. ఫర్హా మనసులో ఏ లెక్క నడిచిందో మనకు తెలియదు. ఆ బల్ల మీద అప్పుడు ‘అమెచ్యూర్’ అన్న పదం దేనికీ కొలమానం కాలేదని మాత్రం తెలుసు.